తుపాకుల కొట్టులో బయటపడ్డ వంకర

బావా,

ఇరవై రెండేళ్ల తర్వాత నా దస్తూరీ చూస్తే కవరు చింపకుండానే పొయ్యిలో పడేస్తావని అక్క పేరు మీద వేశాను. అక్క చదివి చేతిలో పెడితే కాదనే ధైర్యం నీకెప్పుడూ లేదు.

నిన్న తుపాకుల కొట్టుకెళ్లాను. ఈ వయసులో ఎందుకంటావా? మన క్లబ్బులో పాతవాళ్లకు పోటీ పెడుతున్నారు. అదే ఆట, గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లల్ని కాల్చడం. కొత్త తుపాకీతో గెలిచి, అప్పటి తప్పు నీ పనితనానిదేనని మళ్లీ రుజువు చేద్దామని నా పంతం. చూశావా, నేనేం మారలేదు.

కొట్టు నడిపేది ఒకావిడ, కళ్లద్దాలు ముక్కు చివరన. మూడు రకాలు బల్ల మీద పెట్టింది. మొదటిదానికి రెండు గొట్టాలు పక్కపక్కన, మొగుడూ పెళ్లాం ఫొటోకి కూర్చున్నట్టు. రెండోదానికి ఒకదాని మీద ఒకటి; చూపుకి అడ్డు తక్కువట. మూడోది ముందుకీ వెనక్కీ లాగే పంపు రకం. చప్పుడు అచ్చం మన ఇనప బీరువా తలుపే. ఆ తలుపు బాగుచేస్తానని ఊడబెరికింది నేనే, అది వేరే కథ.

ఖాళీవని విప్పి చూపించాకే చేతికిచ్చింది. గోడ మీది చుక్కకి ఒక్కోటీ గురిపెట్టాను. "ఇప్పుడు ఎడమ కన్ను మూయండి" అంది. మూస్తే మూడింటికీ గొట్టం చుక్కకి ఎడమకి పోయి ఉంది!

"మూడూ వంకరే చేశారేంటమ్మా?"

"మూడు కంపెనీలూ కలిసి మీ మీద కక్ష కట్టాయా తాతగారూ? తుపాకీ అక్కడ పెట్టి, రెండు కళ్లూ తెరిచి నా ముక్కుకి వేలు చూపించండి."

చూపించాను. వేలు నా ఎడమ కంటికి సూటిగా నిలిచిందట; నవ్వింది.

"భుజం కుడిది, గురి చూసే కన్ను ఎడమది. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదా?"

నీ చెక్క గుర్తొచ్చింది బావా. నా కోసం నెల రోజులు కూర్చుని తుపాకీ వెనక భుజానికి ఆనించే చెక్క చేసిచ్చావు. ఇరవై అయిదు బిళ్లల్లో నాలుగు పగిలేసరికి, దాన్ని నలుగురిలో ఎత్తిపట్టి "మా బావకి తిన్నగా చెక్కడం చేతకాదు" అన్నాను. నువ్వు ఆ పని మానేసి కుర్చీలు చేసుకుంటున్నావని అక్క చెబితే "మంచిదేలే" అన్నాను.

తప్పు నాది. పోటీ రోజు అదే చోట, అందరి ముందూ చెబుతాను. కొత్త తుపాకీ కొనలేదు, పాతదే ఇంట్లో ఉంది. నువ్వొస్తావా?

నీ తిక్క బావమరిది


ఒరేయ్ బావమరిదీ,

మీ అక్క చదివి నా ముందు పడేసి, "ఇద్దరిలో పెద్ద మొండెవరో తేల్చుకోండి" అంది. నేనే.

నీ కన్ను సంగతి కొలత తీసుకున్న రోజే కనిపెట్టాను. అందుకే ఆ చెక్కని కావాలనే వంచాను, కుడి భుజానికి ఆనించినా గొట్టం ఎడమ కంటికి అందుతుందని. చెబితే చిన్నబోతావని దాచాను. వంపు చాల్లేదు. నువ్వు నలుగురిలో అన్నది నిజమే, అది వంకరే. నీ మాటకి కాదు, నా లెక్క తప్పినందుకు తుపాకీ చెక్కల ఉలి పక్కన పెట్టాను.

క్లబ్బులో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆదివారం పల్చటి చొక్కా వేసుకుని రా, ఎడమ భుజం కొలవాలి; ఇక ఆ కన్నున్న వైపు నుంచే కాలుద్దువు. ఆ ఉలి నూరి పెట్టాను. ఈసారి వంచాలో వద్దో ఇద్దరం మాట్లాడుకునే చెక్కుదాం.

నీ బావ