మగ్గం గుంతలో తిమ్మిరి

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. కోపం తగ్గలేదు కాబట్టి క్షేమం అడగకుండానే రాస్తున్నాను.

ఈరోజు హిందూపురంలో మా కాలేజీ ల్యాబ్‌లో అల్ట్రాసౌండ్‌తో, అంటే చెవికి వినబడని శబ్దంతో, నీళ్లలోని నలుసులను కదిలించాను. కంటికి ఆనని నలుసులు మైక్రోస్కోపు కింద శబ్దం తోసిన వైపుకు గుంపుగా కదిలాయి. మందు నలుసులను ఇలాగే రక్తనాళంలో నెత్తురు గడ్డ దాకా నడిపించాలని ప్రయోగాలు చేస్తున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నీ మెదడులో ఉన్నదీ గడ్డే కదా! ధర్మవరంలో ఆ పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తుంటే నీ ఎడమకాలు మొద్దుబారింది.

"ఆస్పత్రికి పోదాం పా నాయనా," అని అరిచాను.

"గుంతలో కూచుంటే తిమ్మిరి రాకుండా ఉంటాదామ్మా? ఇంక మూరెడే ఉండాది. చీర కోసినాక పోదాంలే."

చీర పూర్తిచేశావు. మగ్గం మీంచి కోసేటప్పటికి నీకు మాట పడిపోయింది. బెంగళూరు తీసుకుపోతుంటే పెనుకొండ దగ్గరే పోయావు.

వినబడని శబ్దానికి నలుసులు కదిలాయి. నేను అరిచినా నువ్వు కదల్లేదు. అరిచి ఊరుకున్నానా? ఆ మూరెడుకూ పట్టుదారం కండెలు చుట్టి అందించింది నేనే.