బాపు కారు, ముప్పై ఒకటో పేజీ

3 ఫిబ్రవరి 1992

అన్న షార్జా నుంచి వచ్చి తొమ్మిది రోజులు. ఇవాళ పెట్టె అడుగు నుంచి తువ్వాలలో చుట్టిన ఇనుప వస్తువు తీశాడు. పెద్ద నత్తగుల్లలా ఉంది. టర్బో అట. బాపు డీజిల్ కారుకు పెట్టిస్తే ఎంత బరువున్నా ఉరుకుతుందట.

అవ్వ దాన్ని రెండు చేతులా ఎత్తి చూసింది. "గిన్ని దినాలకు వచ్చి గీ చుట్టకుదురు తెచ్చినవారా కొడుకా?"

బాపు ముట్టుకోలేదు.

4 ఫిబ్రవరి

పొద్దున చాయ్ దగ్గర —

బాపు: "పెండ్లిళ్లకు పోయే బండి, దవాఖానకు పోయే బండి. దానికి గంత ఉరుకుడెందుకు?"

అన్న: "దవాఖానకు పోయే బండి గనుకనే బాపూ."

పోయిన వానకాలం వదినను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది ఈ కారులోనే. నడిపింది బాపే. సుల్తానాబాద్ దాటాక వదిన చేయి నా ఒడిలో చల్లబడింది. అన్న అప్పుడు షార్జాలో కార్లకు రంగులు వేస్తున్నాడు. వచ్చాక కూడా ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనని మాటే తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడా...

6 ఫిబ్రవరి

కిరాయి కార్ల స్టాండు నిండా ఇదే ముచ్చట. కాలేజీ బస్సు దిగి అటుగా వస్తుంటే వినబడింది. "రాజన్న బండికి రెక్కలొస్తున్నయట." "ఎగిరితే దిగనీకి నస్పూర్ల జాగేడున్నది?" బాపు బీడీ చాటున నవ్వుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

9 ఫిబ్రవరి

టర్బోతో పాటు ఒక పుస్తకం ఉంది. నలభై పేజీలు, ఇంగ్లిష్. అన్నకు కార్ల రంగులు తెలుసు గానీ ఇంజను తెలియదు. షార్జా వర్క్‌షాపులో ఒక మలయాళీ మేస్త్రి పాత జీపు నుంచి తీసి ఇచ్చాడట. మంచిర్యాల మేస్త్రి ఏమన్నాడంటే — "లారీలకు బిగించిన గని, కారుకు ఎన్నడు చేయలే. పుస్తకంల ఎట్లుంటే గట్ల నడుపుండ్రి."

పుస్తకం నాకు వచ్చింది. ఇంటర్ చదివే బిడ్డ ఉన్నందుకు.

11 ఫిబ్రవరి

కాలేజీ లైబ్రరీలో నిఘంటువు ముందు రెండు గంటలు. ఇంజను విడిచిన పొగ పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది; ఆ చక్రం బయటి గాలిని ఇంజనులోకి తోస్తుంది. దీన్ని నాలుగు రకాలుగా రాశాను. నాలుగోది నిలిచింది: విడిచిన ఊపిరే పీల్చే ఊపిరిని తెస్తుంది.

సాయంత్రం చదివి వినిపిస్తే బాపు తల ఎత్తాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇంకోసారి చదువు."

నా మాట. నేను రాసింది. ఇంకోసారి చదివాను.

13 ఫిబ్రవరి

ముప్పై ఒకటో పేజీ. ఒక పేరా చుట్టూ నల్లని గీత గీసి ఉంది. దాన్ని తెలుగు చేశాను —

"వేగంగా నడిచిన పిదప ఇంజనును వెంటనే ఆపరాదు. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, టర్బో చల్లబడ్డాకనే ఆపవలెను. లేనిచో లోపలి నూనె మాడి, చక్రం బిగుసుకుపోవును."

'లేనిచో'. ఎంత బరువైన చిన్న మాట. మూడుసార్లు రాశాను, చేతిరాత బాగా రావాలని.

రాశాకే బాపు గుర్తొచ్చాడు. రైల్వే గేటు పడితే బంద్. చాయ్ హోటల్ ముందు బంద్. ఘాటు రోడ్డు దిగేటప్పుడు కూడా బంద్ చేసి ఊరికే జారనిస్తాడు. "బండికి పని లేనప్పుడు డీజిల్ ఎందుకు తాగాలె?" ఇరవై ఏళ్ల చేయి అది. స్టాండులో అందరూ అంతే.

14 ఫిబ్రవరి

ఇవాళ తీర్పు. బాపు మంచం మీద, అన్న గడపలో, అవ్వ చాటలో పప్పు చెరుగుతూ.

బాపు అన్నాడు, "పుస్తకంల ఒక్క మాట అడ్డమున్నా నేనొప్పుకోను. ఉన్నది ఉన్నట్టు చదువు."

నా తెలుగు కాగితాల్లో ముప్పై వరకు చదివాను. అన్న నా ముఖమే చూస్తున్నాడు. వచ్చినప్పటి నుంచి సరిగ్గా తినని మనిషి, మధ్యాహ్నం గట్క రెండోసారి పెట్టించుకున్నాడు. అవ్వతో పరాచికమాడాడు.

ముప్పైతో పాటు ముప్పై ఒకటీ తిప్పేశాను. కాగితం పలుచన. ఎవరికీ తెలియలేదు.

"గంతేనా బిడ్డా?"

"గంతే బాపూ."

తర్వాత చెప్పొచ్చు. బిగించాక నెమ్మదిగా చెప్పొచ్చు.

21 ఫిబ్రవరి

బిగించారు. ఇందారం దాటి గోదావరి అవతలి దాకా పోయి వచ్చాం. సన్నని ఈల — కారుకు గొంతు వచ్చినట్టు. బాపు గోదావరి వంతెన మీద లారీని దాటేసి అద్దంలో వెనక్కి చూసుకున్నాడు. అన్న నవ్వాడు. పళ్లు కనబడేలా.

ఇంటి ముందు ఆగీ ఆగగానే ఇంజను బంద్.

చెప్పలేదు.

27 ఫిబ్రవరి

అన్న వెళ్లిపోయాడు. కారు మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడ్డాడు. "ఇగ ఎవ్వలకు ఆలస్యం గాదు, చెల్లె."

8 మార్చి

జైనూర్‌లో పెండ్లి. పెండ్లివాళ్లతో నేనూ ఇరుక్కున్నాను. ఎనిమిది మంది, పైన సామాను. అయినా ఘాటు ఎక్కుతుంటే ఈల, ఈల... పెండ్లికొడుకు మేనమామ, "ఏం బండి నడుపుతున్నవ్ రాజన్నా, పానం లేచొచ్చింది" అన్నాడు. బాపు మెడ నిటారుగా.

మిట్ట ఎక్కగానే బంద్. దిగువకు జారుతూ పోయాం, గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. "బాపూ" అన్నాను. "ఏంది బిడ్డా?" ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటాడు.

"ఏం లేదు. మోదుగుపూలు మంచిగున్నయ్."

29 మార్చి

పెండ్లిళ్లు రోజూ. ఈల మారింది. ఇంతకుముందు గాలిలా ఉండేది, ఇప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. బాపు, "కొత్తది గదా, అరుగుతున్నది" అంటాడు.

రోజూ పొద్దున ఇవాళ చెప్పాలనుకుంటాను. అబద్ధం, నిజం, ఒప్పుకోలు — ఇన్ని మాటలు నేర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాదు.

10 ఏప్రిల్

పక్కింటి సరోజక్కకు తెల్లవారగానే నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు ఇక్కడి దవాఖానలో. బాపు చొక్కా గుండీలు కారులోనే పెట్టుకున్నాడు. వెనక సీటులో అవ్వ, నేను, మధ్యలో సరోజక్క. ముందు ఆమె పెనిమిటి.

పెద్దపల్లి దాటాక ఈల ఒక్కసారిగా కీచుమంది. వెనక అంతా నీలం పొగ. దారి కనబడలేదు. ఇంజను తనంతట తాను ఒర్లి ఒర్లి... ఆగింది.

ఈసారి బాపు ఆపలేదు.

బస్సు కోసం ఎదురుచూశాం. ఎండ. సరోజక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

11 ఏప్రిల్

సరోజక్క బతికింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు.

జర ముందు తెస్తే దక్కుతుండె, అన్నదట డాక్టరమ్మ.

14 ఏప్రిల్

కారును లారీకి కట్టి తెచ్చారు. తోయడానికి సరోజక్క పెనిమిటి కూడా వచ్చాడు. "నువ్వేం జేస్తవ్ కాకా" అన్నాడు బాపుతో. అతను తిట్టి ఉంటే బాగుండేది.

16 ఏప్రిల్

మేస్త్రి విప్పాడు. లోపల నూనె బొగ్గులా గడ్డకట్టింది. వేలితో గీకి చూపించాడు. "గిట్లెట్ల మాడింది? పుస్తకంల ఏమన్న రాసిండ్రా దీని గురించి?"

బాపు నా వైపు చూడలేదు. అదే నాకు... నేను పుస్తకమంతా చదివినట్టే ఆయనకు. "లేదు. మా బిడ్డ అంత చదివింది. నా చెయ్యే మంచిది గాదు. కోడలి తర్వాత రెండో ఆడిమనిషి గోస ఇది, నా బండ్ల."

నేను అక్కడే ఉన్నాను. రెండు అడుగుల దూరం. నేల మీద నూనె మరకను చూస్తున్నాను.

19 ఏప్రిల్

బాపు స్టాండుకు పోవడం మానేశాడు. అక్కడి డ్రైవర్లే ఇంటికి వచ్చి రమ్మంటే, "నేను నడుప" అని లోపలికి పోయాడు. అవ్వ పెట్టిన అన్నం చుట్టూ ఈగలు.

చదువుకోబుద్ధి కావడం లేదు. నిఘంటువు తిరిగి ఇచ్చేశాను.

23 ఏప్రిల్

అన్న ఉత్తరం. ఒకే విషయం: బండి ఎట్లుంది? కరీంనగర్ ఎంతసేపట్ల పోతున్నరు?

బాపు నన్ను ముందర కూర్చోబెట్టుకున్నాడు. "రాయి బిడ్డా. బండి మంచిదే, టర్బో మంచిదే. బాపుకే నడుపుడు రాలే, ఖరాబు చేసిండు అని రాయి."

కలం ఆగింది.

"రాయి. లేకుంటే వాడు తెచ్చిన సామాను మంచిది గాదనుకుంటడు. ఆడ ఒక్కడే ఉంటడు, ఫికర్ పెట్టుకుంటడు."

రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

"మంచిగ రాసినవా?"

"రాసిన బాపూ."

కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందికి ఒక్కో వరుసా చూశాడు. కింద వేలిముద్ర వేశాడు. ఎప్పుడూ వేయడు ఉత్తరాల మీద.

24 ఏప్రిల్

ఉత్తరం నా నోట్సులో ఉంది, ముప్పై ఒకటో పేజీ తెలుగు చేసిన కాగితం పక్కనే. రెండూ ఒకే చేతిరాత.

బాపు వేలిముద్ర కింద నాలుగు వరుసల చోటుంది, ఆ పేరా పట్టేంత. కవరు ఇంకా అతికించలేదు. బయట బాపు, పోస్టు వేసినవా అని అవ్వతో అడిగిస్తున్నాడు...