కరెంటు పోయిందని పైవాళ్లకు తెలియదు

సెప్టెంబర్ 16, 2011

మళ్లీ పోయింది. మళ్లీ లేచింది జనరేటర్. పైన అన్ని అంతస్తుల్లో ఒక్కడు కూడా తల ఎత్తి చూసి ఉండడు. లైటు ఒకసారి రెప్ప వేసినట్టు... అంతే. తర్వాత నాకు ఈ సెల్లార్‌లో మోత, వాళ్లకు ఏసీ.

బొగ్గు బావులు బంద్. మందమర్రిలో మా బాపు కూడా బావిలోకి దిగడం మానేశాడు. తెలంగాణ ఇచ్చేదాకా ఒక్క బొగ్గు పెళ్ల బయటికి రాదని అందరూ టెంటు వేసుకుని కూర్చున్నారు. బొగ్గు లేక కరెంటు లేదు. కరెంటు లేక నాకు పని ఎక్కువ.

బాపు ఆపుతాడు. నేను నడుపుతాను. బాగుంది సంసారం.

సెప్టెంబర్ 18

నేనుండే చందానగర్‌లో పొద్దున్నుంచీ కరెంటు లేదు. రూములో నీళ్లు ఎక్కలేదు. స్నానం లేకుండా డ్యూటీ. ఇక్కడికి వస్తే ఫౌంటెన్ ఎగురుతోంది.

సెప్టెంబర్ 19

మధు సార్ కిందికి వచ్చాడు. గుంటూరు మనిషి, బిల్డింగు మెయింటెనెన్స్ అంతా ఆయన చేతిలోదే. చెడ్డవాడు కాడు. అదే నాకు మంట, మనసారా తిట్టుకోనివ్వడు. డీజిల్ ట్యాంకు మీద తట్టి చూసి—

"ఎన్నాళ్లు చేస్తారోయ్ మీవాళ్లు ఈ సమ్మె?"

"ఇచ్చేదాంక సార్."

"ఇస్తే మాత్రం నీకేమొస్తుందయ్యా?"

నవ్వుతూనే అడిగాడు. ఒకప్పుడు తండ్రి బావి పని మానితే కొడుక్కి ఆ ఉద్యోగం ఇచ్చేవారు. మా తాత నుంచి బాపుకు అలాగే వచ్చింది. నా వంతు వచ్చేసరికి తలుపు మూశారు. బొగ్గు మాత్రం ఆగలేదు, రైలు వెనక రైలు. నాకు ఏమొస్తుందో తర్వాత చెప్తాను సార్. ముందు ఏం పోయిందో వినే ఓపిక ఉందా మీకు?

అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, పిరికివాడిలా.

సెప్టెంబర్ 21

బాపు ఫోన్. వెనక డప్పులు, మైకు.

"హైదరాబాద్‌ల చీకటైతున్నదారా?"

"అయితున్నది బాపు. చందానగర్‌ల పొద్దంత లేదు."

"చందానగర్ కాదుర. నువ్వు పనిచేసే తాన. ఆ అద్దాల బిల్డింగులు."

"...అక్కడ గూడ."

పక్కవాళ్లకు చెప్తున్నాడు, ఫోను నోటి దగ్గరే పెట్టుకుని— "మావోడు చెప్తుండు, హైటెక్ సిటీ బందైందట." ఎవరో ఈల వేశారు. చప్పట్లు.

బాపుకు తెలిసింది నేను కరెంటు పని చేస్తాననే. జనరేటర్ అని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఇన్నాళ్లూ రాలేదు.

సెప్టెంబర్ 25

నిద్ర పట్టదు, కోపం దిగదు.

బడిలో సోషల్ పుస్తకం. భారతదేశ పటం, మా జాగా మీద నల్ల చుక్క. సారు కట్టెతో చూపించి, ఇది దేశ సంపద అన్నాడు. మేమంతా ఛాతీ విరుచుకున్నాం. దేశం అంటే మేం కూడా అనుకున్నాం, పిచ్చిగాళ్లం. బావిలో పేలుళ్లకు పగిలిన గోడలు మావి. నీళ్లు ఇంకి ఎండిన పొలాలు మావి. బాపు దగ్గితే గుడ్డ మీద పడే నలుపు మాది. కరెంటు తీగలు మాత్రం మా ఇళ్ల మీదుగానే ఇటు వస్తాయి, కింద నన్ను కన్న అవ్వ విసనకర్రతో విసురుకుంటుంది.

ఇక డీజిల్. ఎక్కడి అరబ్బు దేశం నుంచో ఓడలో వస్తుంది. చెప్పిన ధర ఇచ్చి కొంటారు, ఒక్కడూ గొణగడు. అది బిజినెస్. మా బొగ్గుకు ధర కట్టమంటే, మా పిల్లలకు కొలువు ఇవ్వమంటే— రాజకీయం. మట్టి కింద ఉన్నదానికి విలువ ఉందట. మట్టి మీద ఉన్నవాళ్లకే లేదు.

సెప్టెంబర్ 29

టీ బండి దగ్గర, మెడలో కార్డులు వేసుకున్న ఇద్దరు.

"బయట పవర్ కట్స్ అంట కదరా?"

"అవునంట."

అంట! పళ్లు కొరుక్కుని టీ తాగాను. నాలుక కాలింది.

అక్టోబర్ 3

ప్యానెల్ మీద ఒక స్విచ్ ఉంది. ఆటోలో ఉంటే కరెంటు పోగానే మిషన్ దానంతట అదే లేస్తుంది. మాన్యువల్‌కు తిప్పితే లేవదు, మనం లేపాలి. చిన్న స్విచ్, బొటనవేలంత.

దాని వైపే చూస్తూ కూర్చున్నట్టున్నాను.

"ఏందిర, పెండ్లిపిల్లను జూసినట్టు జూస్తున్నవ్?" అన్నాడు యాదన్న. నాతో పాటు షిఫ్టు చేసే పెద్దాపరేటరు, జనగామ వైపు.

"ఏం లేదన్న."

"నీ ఆలోచన నాకు తెల్వదనుకోకు. నా కొలువుకు ఎసరు పెట్టకు బిడ్డా."

జై తెలంగాణ అని బండి మీద రాసుకుని తిరిగేది ఈ మనిషే.

అక్టోబర్ 6

దసరా. డ్యూటీ.

అక్టోబర్ 7

తిప్పాను.

యాదన్న అన్నానికి పోయినప్పుడు. కాసేపటికి కరెంటు పోయింది. మిషన్ లేవలేదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఈ సెల్లార్ ఇంత మౌనంగా ఉండటం చూడలేదు. ఎక్కడో పైపులోంచి నీటి చుక్కలు పడుతున్నాయి. చీకట్లో నిలబడి వింటున్నాను. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు పరుగెత్తుతారు, ఎందుకు పోయిందని అడుగుతారు. అడిగితే చెప్తాను. ఇది మా బాపు చేసింది అని చెప్తాను.

ఇంటర్‌కమ్ మోగింది. గేటు సెక్యూరిటీ.

"అన్నా, సర్వీస్ లిఫ్టుల లక్ష్మమ్మ ఇరుక్కున్నది. ఊపిరి ఆడుతలేదంటున్నది, జల్ది."

హౌస్‌కీపింగ్ లక్ష్మమ్మ. పాలమూరు. ఆయాసం మనిషి. అద్దాల లిఫ్టులకు బ్యాటరీ ఉంది, మెల్లగా దించి తలుపు తీస్తుంది. చెత్త బండ్లు పోయే లిఫ్టుకు లేదు. నాకు తెలుసు అది. తెలిసి కూడా గుర్తు రాలేదు.

చీకట్లో స్విచ్ కోసం తడుముతున్నాను. యాదన్న మెట్ల మీంచి ఉరికి వచ్చి నన్ను ఒక్క తోపు తోసి, మిషన్ లేపాడు.

మేం పైకి పోయేసరికి లక్ష్మమ్మ లిఫ్టు ముందు నేల మీద కూలబడి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నన్ను చూసి, "కరెంటు ఎవడు తీసిండు కొడకా? వాని చేతులిరుగ" అంది. నీళ్లు ఇచ్చాను. తాగింది.

పైన ఏమైందని సెక్యూరిటీని అడిగాను. ఏం కాలేదట. కంప్యూటర్లకు వేరే బ్యాటరీలు, ఒక్కటీ ఆగలేదు. ఏసీ ఆగిందని కొందరు కాఫీకి లేచారట.

అక్టోబర్ 8

యాదన్న మధు సార్‌తో సెన్సర్ ఖరాబైందని చెప్పాడు. నన్ను కాపాడాడు. నాతో మాట్లాడడు. పోయేటప్పుడు మాత్రం—

"ఎవల్ని చీకట్ల పెడ్దామనుకున్నవ్‌రా? లక్ష్మమ్మనా?"

అక్టోబర్ 11

మధు సార్ పిలిచాడు. సెన్సర్ సంగతి అనుకున్నాను.

కాదు.

"మూడో జనరేటర్ దింపుతున్నాం. నీ పేరు పైకి పంపాను. షిఫ్ట్ ఇన్‌చార్జి, పర్మినెంటు. ఈ సమ్మె పుణ్యమా అని నీకు లైను క్లియరైందోయ్. గురువారం చెప్పు."

మంచి చేస్తున్నానని ఆయన మొహం వెలిగిపోతోంది. బాపు జీతం వదులుకుని టెంటులో కూర్చుంటే, ఆ టెంటు ఎన్నాళ్లు ఉంటే నాకు అంత గట్టి కొలువు. బావిలో ఇవ్వని ఉద్యోగం బావి మూస్తే ఇస్తున్నారు. ఎవడి గొంతు పట్టుకోవాలి నేను?

ఆలోచించి చెప్తానన్నాను. ఛీ... వెంటనే వద్దని ఎందుకు అనలేదు?

అక్టోబర్ 12

అవ్వ ఫోన్. కొందరు మళ్లీ బావిలోకి దిగుతున్నారట, పోలీసులు వెంట ఉండి దింపుతున్నారట. బాపును కూడా పిలిచారు. పోడట.

"నువ్వన్న చెప్పు బిడ్డా. హైదరాబాద్ ఆగిందని నువ్వన్నవట గద, ఇగ దాని మీదనే కూసున్నడు."

అక్టోబర్ 13

గురువారం. మధు సార్ రెండుసార్లు దిగి వచ్చాడు. "ఏమాలోచించావ్?" రేపు అన్నాను. "రేపంటే పోతుందయ్యా." సాయంత్రం తను ఇంటికి పోయేలోపు చెప్పమన్నాడు.

మధ్యాహ్నం బాపు ఫోన్. సమ్మెలో బస్సులు కూడా బంద్ కదా, యూనియన్ వాళ్ల జీపులో వచ్చాడు, ధర్నా చౌక్‌కు. ధర్నా అయిపోగానే నా దగ్గరికి వస్తాడట.

"రూముకు పో బాపు, తాళంచెయ్యి పక్కింట్ల ఇస్త."

"రూముల ఏమున్నదిర. బంద్ వడ్డ బిల్డింగు జూస్త. టెంటుల చెప్పాలె అందరికి."

ఆపలేకపోయాను. నోట్లో ఉన్నదంతా ఇక్కడే రాస్తాను, బాపు ముందు ఒక్క ముక్క రాదు.

పొద్దు గూకుతోంది. ఇప్పుడే కరెంటు పోయింది. స్విచ్ ఆటోలోనే ఉంది. నేను ముట్టుకోలేదు. రెండు మిషన్లూ లేచాయి.

ఇంటర్‌కమ్. సెక్యూరిటీ.

"అన్నా, మీ బాపు అంట. రోడ్డు మీద లైట్లన్ని పోయినయ్ గద, చీకట్ల నిలబడి, ఎలుగుతున్న మన బిల్డింగు దిక్కే చూస్తుండు. లోపటికి పంపాల్నా?"

జర ఆగమన్నాను. మెట్ల మీద మధు సార్ చెప్పుల చప్పుడు వినబడుతోంది.