తలుపు గడియ పెట్టింది నేనే

ఇంగ్లీషు టీచరమ్మ గారికి,

మీ క్లాసులో రెండో బెంచీ కళ్ళజోడు పిల్లకి నేను అమ్మమ్మను. గురువారం పరీక్షకి రాలేదని దానికి సున్నా వేశారట. తప్పు దానిది కాదమ్మా, నాది.

ఆ పొద్దున అది గదిలో ఒక్కతే తిరుగుతూ, "ఇక నేను బతికి ఎవరికి లాభం?" అంటోంది. బయట గడియ పెట్టి పక్కింటి కుట్టుపనావిడని కేకేశాను.

"అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతాను! అది ఇవాళ పరీక్షలో నేను చెప్పాల్సిన నాటకంలో స్వగతం!" అని పిల్ల లోపల్నించి తలుపు బాదింది. నేను నమ్మలేదు. కుట్టుపనావిడ కాసేపు విని, "చచ్చేవాళ్ళు ప్రతి మాటా తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతారా పిన్నిగారూ?" అంది. గడియ తీసేసరికి పదకొండయింది, పరీక్ష అయిపోయింది.

తర్వాత పిల్లే విడమరిచి చెప్పింది. స్వగతమంటే మనసులో మాట పైకి అనుకోవడమట. జనాంతికమైతే పక్కవాళ్ళకి తెలియకుండా చూసేవాళ్ళకి చెప్పడమట. హాలు చివరిదాకా వినబడింది పక్కన నిలబడ్డవాడికి వినబడదా? వినబడనట్టు అందరూ ఒప్పుకుని కూర్చుంటారట. ఎంత చిత్రం! ఇది మొదట ఎవరికి తోచిందో చెబుతారా?

దానికి ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి. రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. వీలైతే నన్నూ వెనక బెంచీలో కూర్చోనివ్వండి. నాటకంలో అది ఏడ్చినా, పడిపోయినా నోరెత్తను. ఆఖర్న ఏదో విషం సీసా ఎత్తి తాగాలట. అందులో మంచినీళ్ళేనని తెలుసు. అయినా ముందు నన్నొక గుక్క తాగనివ్వండి.

నమస్కారాలతో,
దాని అమ్మమ్మ