ఈయన రక్తంలో అంకెలు

ఆగస్టు 4
టిప్పర్ వెనక డోర్ తగిలి ఈయన పిక్క చీరుకుపోయి వారమైంది. ఆ పుండుతోనే క్వారీ దుమ్ములో డ్యూటీ. కాలు వాచింది, జ్వరం. ఆసుపత్రికి పదండి అంటే, "ల్యాబ్ ఇంట్లోనే ఉండగా ఆసుపత్రి దేనికే?" పొద్దున్నే నేనే రక్తం తీసా. ట్యూబు నా క్యారేజీ సంచీలో, నందిగామ బస్సులో. ల్యాబ్ వాళ్ళందరం చేసే పనే — ఇంటివాళ్ళ శాంపిల్ మిగతావాటి మధ్యన వేసేస్తాం. చీటీ లేదు, డాక్టరూ లేడు.

రక్తంలో ఉండే ప్రోటీన్, అల్బుమిన్ 2.6. మూడున్నరైనా ఉండాలి. సరిగ్గా తినకే అనుకున్నా. ఒంట్లో వాపు, మంట ఎంతుందో చెప్పే సీఆర్పీ టెస్టు చేద్దామంటే కిట్ అయిపోయింది. రేపు చూద్దాంలే...

ఆగస్టు 5
నాలుగు గుడ్ల తెల్లసొన. "రేపట్నుంచి కూత పెడతానేమో" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 7
మళ్ళీ తీసా. 2.2. గుడ్లు ఆరు చేసా. కక్కుకున్నారు. కసిరా.

ఆగస్టు 8
పొద్దున మాట తడబడింది. విజయవాడ. ఐసీయూ. పుండులోని ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందట.

ఆగస్టు 9
"అల్బుమిన్ ఎప్పట్నుంచి తక్కువుందమ్మా?" డాక్టరమ్మ.
"సోమవారం చూసానండి. గుడ్లు పెడుతున్నా..."
తిట్టలేదు. తిడితే బాగుండేది.
"తిండి వల్ల కాదమ్మా. మంట లేచినప్పుడు లివర్ అల్బుమిన్ తగ్గించి సీఆర్పీ లాంటివి చేస్తుంది. ఉన్న అల్బుమిన్ కూడా రక్తనాళాల్లోంచి కారిపోతుంది."
నేను చదివిందే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుందే. పందిరికి నిప్పంటుకుంటే వంటవాడు గరిటె పడేసి బిందె పట్టుకుంటాడు. వంటెందుకు ఆగిందని నేను బియ్యం తెచ్చిచ్చా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు... ఊళ్ళోవాళ్ళ రిపోర్టులన్నీ చదివా, మా ఆయనది చదవలేకపోయా.

ఆగస్టు 10
ఒక్కో అవయవం ఒక్కోలా. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. గుండె దెబ్బతింటే కారే ట్రోపోనిన్ రక్తంలోకి వస్తోంది. ఊపిరితిత్తుల్లో నీరు. అన్నీ నాకు అర్థమవుతాయి, అదే నా ఖర్మ.
బయట బెంచీ మీద అత్తయ్య పక్కవాళ్ళతో — "మా కోడలు ల్యాబ్‌లో చేస్తది. తను కనిపెట్టబట్టే ఇక్కడిదాకా తెచ్చాం."
నాలుగు రోజులు పోగొట్టింది నేనేనని చెప్పలేదు.

ఆగస్టు 11
కళ్ళు తెరవలేదు. మానిటర్‌లో గుండె కొట్టుకుంటూనే ఉంది, చెయ్యి పట్టుకుంటే మాత్రం చల్లగా ఉంది.

ఆగస్టు 12
సీఆర్పీ 310 నుంచి 120కి తగ్గింది. అత్తయ్య సంతోషంతో ఏడ్చేసింది. మరిది ఊళ్ళో అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. డాక్టరమ్మ "చూద్దాం" అని మాత్రం అంది. కామెర్ల అంకె పెరిగింది.
మంట చల్లారితే సీఆర్పీ తగ్గుతుంది. దాన్ని చేసే ఓపిక లివర్‌కి లేకపోయినా తగ్గుతుంది.
"తగ్గిందంటే మంచిదేగా అమ్మాయ్?" అత్తయ్య.
తలూపా.