మంట పెట్టినా కరగని కేకు

ఏప్రిల్ 13, సోమవారం, ఉదయం 7.00
తేల్చేశాను. ఈ నెల 26న నా భార్య సుష్మ పుట్టినరోజు. ఈసారి బేకరీ కేకు లేదు. నా చేత్తో బేక్డ్ అలాస్కా చేస్తాను. కింద స్పాంజి కేకు, దాని మీద ఐస్‌క్రీం, ఆ పైన గుడ్డు తెల్లసొనలో చక్కెర వేసి గిలక్కొట్టిన నురగ. నురగకు మంట చూపిస్తే పైన ఎర్రగా కాలుతుంది, లోపల ఐస్‌క్రీం మాత్రం కరగదు! మా అమ్మాయి అంకిత ఫోన్‌లో చూపించింది.

బోధన్‌లో పద్దెనిమిదేళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నవాణ్ణి. వెంట్రుకంత తీగను చుట్టు తప్పకుండా చుట్టే చేతికి గుడ్డు గిలక్కొట్టడం ఒక పనా?

సుష్మకు చెప్పాను. "మంచిది" అంది. అంతే.

ఆ "మంచిది" సంగతి నాకు తెలుసు. పొద్దున్నే నడక మొదలుపెట్టినప్పుడూ అదే మాట (నాలుగు రోజులు నడిచాను). మిద్దె మీద కూరగాయలప్పుడూ అదే (ఒక బెండకాయ). హార్మోనియం కొన్నప్పుడూ అదే. ఒకప్పుడు నా మాట నమ్మేది. తర్వాత కొన్నాళ్లు తిట్టేది. ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది, అదే నాకు బాధ. ఈ ఒక్కటీ చివరిదాకా చేసి చూపించాలి.

ఏప్రిల్ 14, మంగళవారం
కావలసినవి:
గుడ్లు, ఆరు.
చక్కెర, పావుకిలో.
వెనిలా ఐస్‌క్రీం, పెద్ద డబ్బా.
స్పాంజి కేకు (అది కొంటాను. అది లెక్కలోకి రాదు).
మంటకు, నా దుకాణంలో గ్యాస్ టార్చి ఉంది.
బీటరు అనవసరం. చేతి డ్రిల్లు ఉండగా బీటరు కొనేవాడు మెకానిక్కే కాదు.

సాయంత్రం 6.00. స్టీలు తీగతో, కవ్వంలా నురగ చిలికే గిలక చేసి డ్రిల్లుకు బిగించాను. ముచ్చటగా ఉంది. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించాను.

ఏప్రిల్ 15, బుధవారం
మొదటి ప్రయత్నం. తెల్లసొన ఒక గిన్నెలో, పచ్చసొన ఇంకో గిన్నెలో. తెల్లసొనలో చక్కెర వేసేసరికి ఫోన్ మోగింది. రెండే నిమిషాలు బయటికి వెళ్లాను. వచ్చి చూస్తే గిన్నె నిండా పచ్చగా ఉంది.

"అవ్వా, దీన్ల ఏమన్న కలిపినవా?"

మా అమ్మ ఈరవ్వ ఉల్లిగడ్డ తరుగుతూ తల ఎత్తలేదు. "పచ్చసొన పక్కకు పెట్టినవ్, పారబోస్తవేమో అని మల్ల దాన్లనే ఏసిన. ఆరు గుడ్లు కొడుకా. తిండిని గట్ల ఇసిరేస్తరా?"

రాత్రి అందరికీ తియ్యటి ఆమ్లెట్. ఇకమీదట నా సామాను ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో హుకుం జారీ చేశాను.

ఏప్రిల్ 18, శనివారం
శనివారం అవ్వ ఇంట్లో గుడ్డు పగలనివ్వదు. గురువారం కూడా అంతే. మధ్యలో శుక్రవారం ఏం చేశానని ఈ డైరీ అడగకూడదు. ఎండ ఎక్కువగా ఉండింది.

ఏప్రిల్ 21, మంగళవారం
రెండో ప్రయత్నం. అరగంట తిప్పాను. డ్రిల్లు వేడెక్కింది గానీ నురగ రాలేదు.

"డాడీ, కొంచెం నూనె తగిలినా నురగ రాదంట" అంది అంకిత. "గిన్నెకేమన్న జిడ్డు ఉన్నదా?"

గిన్నె మూడుసార్లు కడిగాను. కొత్త గుడ్లు కొట్టాను. అయినా రాలేదు. అప్పుడు గిలక కాడ వైపు చూశాను. దానికి గ్రీజు పెట్టింది నేనే. తిరిగే వస్తువును గ్రీజు లేకుండా తిప్పాలంటే నా చెయ్యి ఒప్పుకోదు మరి.

సుష్మ వచ్చి గిన్నెలోకి చూసింది. గుడ్ల పెంకులు ఎత్తి చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 24, శుక్రవారం
నలభై మూడు డిగ్రీలు. ఈ ఎండల్లో ఐస్‌క్రీం కేకు ఎవరైనా చేస్తారా? అలాస్కా వాళ్లకేం, వాకిట్లో పెట్టినా గడ్డ కడుతుంది. బేకరీలో ఊరికే ధర అడిగాను. అడగడమే.
సాయంత్రం 5.00. ఆర్డరు ఇచ్చాను.

ఏప్రిల్ 25, శనివారం
గోడ అవతల అనసూయమ్మ పిన్నితో సుష్మ మాట్లాడుతుంటే వినబడింది. "ఈసారి కేకు మా ఆయననే చేస్తుండు పిన్నీ."

చెప్పుకుంటోంది! బండి తీసి నేరుగా బేకరీకి వెళ్లి ఆర్డరు వద్దన్నాను.

ఏప్రిల్ 26, ఆదివారం
10.00. గిలకను సబ్బుతో, వేడినీళ్లతో కడిగాను. గ్రీజు పెట్టలేదు. మనసు కొట్టుకుంది.
11.15. నురగ! గిన్నె బోర్లించినా జారలేదు. అవ్వ పచ్చసొనల గిన్నె ఒళ్లో పెట్టుకుని దూరంగా కూర్చుంది.
11.30. ఐస్‌క్రీం కాస్త మెత్తబడాలట. పది నిమిషాలకని బల్ల మీద పెట్టాను.
11.35. ఎడపల్లి దశరథం అన్న ట్రాలీ ఆటోలో మోటారు వేసుకొచ్చాడు. "మోటర్ కాలి మూడు దినాలాయె తమ్మీ. చెరుకు ఎండుతున్నది." సుష్మ వైపు చూశాను. "పోయి రా" అంది. గంటలో వస్తానన్నాను.

సాయంత్రం 6.30. వచ్చాను. ఐస్‌క్రీం కరిగి పాలైపోయింది. నురగ నీరుగారింది.
"ఫ్రిజ్‌ల పెట్టద్దా అవ్వా?"
"ముట్టద్దంటివి గద" అంది అవ్వ. నిజమే, అన్నాను.

కుర్చీలో కూలబడ్డాను. "నాతోని కాదు సుష్మా. నేను గింతే." సుష్మ ఆ ఐస్‌క్రీం పాలను స్టీలు గ్లాసుల్లో పోసింది. నాలుగు గ్లాసులు. వాటిని చూస్తే, నురగ వీటి మీద కూడా నిలుస్తుంది కదా అనిపించింది. ఫ్రిజ్‌లో రెండు గుడ్లు మిగిలున్నాయి. లేచి డ్రిల్లు అందుకున్నాను.

7.10. ఒక్కో గ్లాసు మీద ఒక్కో గరిటెడు నురగ. టార్చి వెలిగించాను. ఎర్రగా కాలింది, మునగలేదు. అవ్వ రెండు గ్లాసులు తాగింది. నా గ్లాసు కూడా అందులోదే.

"కేకైతే కాలే" అంది సుష్మ, మూతి తుడుచుకుంటూ. "గని ఎన్నడు లేంది, మల్ల లేశినవ్." నాకు చాలా సంతోషం వేసింది.

ఏప్రిల్ 27, సోమవారం
పుట్టినరోజు అయిపోయింది. ఇక కేకుల జోలికి పోను. గౌరవంగా బయటపడ్డాను, అది చాలు. డ్రిల్లు దుకాణానికి చేర్చాను.

ఏప్రిల్ 28, మంగళవారం, ఉదయం 7.00
ఫ్రిజ్ తెరిస్తే డజను గుడ్లు. పైన పెద్ద డబ్బా ఐస్‌క్రీం. నేను తేలేదు.

"వచ్చే ఆదివారం మా అక్కోళ్లను తిననీకి పిలిచిన" అంది సుష్మ, రొట్టె కాలుస్తూ. "కేకు నువ్వు చేస్తవని చెప్పిన."
"ఎంతమంది?"
"పదకొండు."
"కాకపోతే ఎట్ల సుష్మా?"
"అయితది" అని రొట్టె తిప్పేసింది.

7.30. దుకాణానికి పరుగెత్తి డ్రిల్లు ఇంటికి తెచ్చాను. ఇవాళ్టి నుంచి రోజూ ఒక గిన్నె నురగ. గురువారం, శనివారం తప్ప.