నీడ పక్కన డ్రైవరు

ఫిబ్రవరి 2

ఇలాంటి రోజును చరిత్రలో ఎర్ర సిరాతో రాయాలంటారు. నా దగ్గర నీలం పెన్నే ఉంది. చరిత్ర సర్దుకోవాలి.

పోర్టు లైను మీద కరెంటు తీగలు లాగడం పూర్తయింది. పదిహేనో తారీఖున ఆఖరి డీజిల్ గూడ్సు. ఆ తర్వాత అన్నీ ఎలక్ట్రిక్కే. అవీ మంచివే, కాదనను. పొగ వదలవు, గోల చెయ్యవు, ఫస్ట్ బెంచీ పిల్లల్లా చెప్పిన పని చేసి కూర్చుంటాయి. డీజిల్ అలా కాదు. అది కదులుతుంటే ముందు నా పక్కటెముకలకు తెలుస్తుంది, తర్వాత చెవులకు. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి బిగుసుకునే ఆ ఢమఢమలు వింటే వంటింట్లో గిన్నెలు పడ్డాయనుకుని అమ్మ పరిగెడుతుంది. నేను మేడ మీదికి పరిగెడతాను. ఇద్దరిలో ఒకరికి వైద్యం అవసరమని నాన్న అభిప్రాయం. ఎవరికో ఆయన తేల్చి చెప్పలేదు.

గూడ్సు బళ్ళ ఫోటోలు తీసే మా వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ జీఎం గారు. అంటే జనరల్ మేనేజరు, మేమిచ్చిన హోదా. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. గ్రూపు వేయబోయే క్యాలెండర్ అట్ట మీదికి ఆఖరి డీజిల్ ఉప్పుటేరు వంతెన దాటే ఫోటో కావాలని, సాయంకాలం ఎండలో తీయాలని, తీసే భాగ్యం నాదని ఆయన ఈరోజు ప్రకటించారు. కాలేజీ పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా ఇంతగా పొంగిపోలేదు. దాంతో ఒరిగిందేమీ లేదు కూడా.

ఫిబ్రవరి 5

అక్కకు ప్రమోషన్!

ఇన్నేళ్ళూ ఇంజన్లో అసిస్టెంటుగా పక్క సీట్లో కూర్చుంది. ఇక డ్రైవరు. మొదటి బండి ఏది? ఆ పదిహేనో తారీఖు బండే. సీనియర్లంతా ఎలక్ట్రిక్ ట్రెయినింగులో ఉన్నారు కాబట్టి అదృష్టం అక్క తలుపు తట్టింది. పొద్దున లోడుతో జంక్షనుకు, సాయంత్రం ఖాళీ వ్యాగన్లతో తిరిగి పోర్టుకు. మర్నాడు అక్క కూడా ట్రెయినింగుకు పోవాలి. పోస్టింగు ఆ తర్వాత ఎక్కడో లోపలి డిపోలో, సముద్రం వాసన కూడా రాని చోట. అంటే డీజిల్ మీద డ్రైవరుగా అక్కకు అదే మొదటి రోజు, అదే ఆఖరి రోజు.

ఆనందం పట్టలేక మంచం మీద గెంతాను. కోడు విరిగింది. అమ్మ ముందు మంచాన్ని పరామర్శించి, తర్వాత అక్కను ముద్దు పెట్టుకుంది.

ఫిబ్రవరి 6

అక్క ఎప్పుడూ ఏదీ అడగదు. నా చేత చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం అడగడం కిందికి రాదు, అది ఆజ్ఞ. ఈరోజు అడిగింది.

యూనిఫాంలో ఇంజన్ పక్కన నిలబడి ఉన్నా, యార్డులో ప్రతివాడూ వచ్చి డ్రైవర్ గారెక్కడమ్మా అంటాడట. తూకం గుమాస్తా అయితే, డ్రైవర్ గారొస్తే సంతకం పెట్టమని చెప్పు తల్లీ అని కాగితాలు చేతిలో పెట్టి పోతాడట. రేపు తనే డ్రైవరయినా ఇదే పాట పాడతారంది. నవ్వుతూనే చెప్పింది. చెబుతున్నంతసేపూ గోరుతో బల్ల మీద మరక గీకుతూనే ఉంది. అది మరక కాదు, బల్ల రంగే అని నేను చెప్పలేదు.

“నేను బండి నడుపుతున్నట్టు ఒక్క ఫోటో తియ్యరా,” అంది. “చూసినవాడు ఇంకెవర్నీ అడక్కూడదు.”

అదెంత పని అన్నాను. నా దగ్గర ఇంజన్ల ఫోటోలు బియ్యం గింజల్లా ఉన్నాయి. ఒక్కదాంట్లో అక్క లేదని ఇప్పుడే చూసుకున్నాను.

ఫిబ్రవరి 9

సైకిల్ మీద లైను పొడుగునా తిరిగి చోట్లు చూసుకున్నాను. పొద్దున గేటు దాటాక సముద్రం వైపు ఇసుక దిబ్బ. సాయంత్రం ఉప్పుటేరు దగ్గర ఊరి వైపు గట్టు. మా శాస్త్రంలో మొదటి సూత్రం: ఎండ ఏ పక్క పడితే ఆ పక్క నిలబడు. నీడ పక్క నుంచి ఇంజన్ ఫోటో తీయడం పెళ్ళికూతురి ఫోటో వీపు వైపు నుంచి తీయడం లాంటిదని జీఎం గారు కొత్తవాళ్ళకు చెబుతుంటారు.

ఒక కొత్త సభ్యుడు ఇంజన్లో ఎవరెక్కడ కూర్చుంటారని అడిగాడు. బండి ఎటు పోయినా డ్రైవరు ఎడమ, అసిస్టెంటు కుడి అని అరపేజీ వివరించాను. గురువును కదా.

ఫిబ్రవరి 11

మబ్బు. సూర్యుడి మీద నమ్మకం పెట్టుకున్నవాడికి తిండి సహించదు. రెండు ప్లేట్లే తిన్నాను.

ఫిబ్రవరి 14

మబ్బు విడిపోయింది. అక్క బూట్లకు పాలిష్ చేసింది, తుడిచింది, మళ్ళీ చేసింది. అంత పెద్ద బండిని ఆపడం వచ్చో రాదో ముందు కనుక్కోమని నాన్న జోక్ వేశారు. అక్క నవ్వలేదు. నాన్నే పాలిష్ డబ్బా మూత పెట్టి, పొద్దున సైకిల్ మీద నేనే దింపుతానన్నారు.

ఫిబ్రవరి 15, ఉదయం

వచ్చింది!

ముందు దిబ్బ వణికింది. తర్వాత హెడ్‌లైటు. తర్వాత ఆ ముక్కు, ఆ పొగ, వెనక బొగ్గు గుట్టల వరస. సముద్రం మీంచి ఎండ తిన్నగా ఇంజన్ ఒంటి మీద పడి, తుప్పు మరకలు కూడా నగల్లా మెరిశాయి. తీశాను, తీశాను, తీస్తూనే ఉన్నాను. చివరి వ్యాగన్ పోయాక చూస్తే నేను ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాను. అక్కడికి ఎప్పుడు చేరానో తెలీదు.

అన్నిట్లోకీ మంచిదాన్ని గ్రూపులో పెట్టాను. “ఆఖరి డీజిల్. నడుపుతున్నది మా ఇంటి మనిషి.” దండాలు, మంటలు, చప్పట్ల బొమ్మలు కురిశాయి.

ఫిబ్రవరి 15, తొమ్మిదిన్నర

డ్రైవర్ గారి మీసం అదిరిందని గ్రూపులో ఎవరో రాశారు.

మీసమేమిటని పెద్దది చేసి చూశాను. కిటికీలో మీసం ఉంది. ఎండలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, మహారాజులా. అసిస్టెంటు.

డ్రైవరు ఎడమ పక్క. పొద్దున ఎడమ అంటే ఊరి వైపు, నీడ వైపు. అరపేజీ వివరించిన గురువు ఎండ చూడగానే అలవాటుగా పోయి సముద్రం వైపు నిలబడ్డాడు. అన్ని ఫోటోల్లోనూ ఆ మీసమే.

అమ్మ ఫోన్ లాక్కుని చూసింది. అమ్మాయేదిరా అంది. అవతలి పక్క ఉందన్నాను. అవతలి పక్క ఉంటే ఎవరికి కనపడుతుంది అంది. డిగ్రీ చదివినవాణ్ణి. మేడెక్కి కూర్చున్నాను.

జంక్షన్ చేరాక ఫోటో చూసి అక్క మెసేజ్ పెట్టింది. “బాగుంది రా. ఎండ బాగా పడింది.”

తిట్టినా బతికిపోయేవాణ్ణి.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

సాయంత్రం బండి ఎదురు దిక్కున వస్తుంది. అప్పుడు అక్క సముద్రం వైపు. ఎండేమో ఊరి వైపు. మా అక్కకు పోను నీడ, రాను నీడ. ఊరి గట్టు మీద నిలబడితే క్యాలెండర్ అట్ట. సముద్రం వైపు బురదలో నిలబడితే అక్క. మధ్యలో ఉప్పుటేరు. ఒక మనిషి రెండు గట్ల మీదా ఉండలేడు.

జీఎం గారికి ఫోన్ చేసి నేను నీడ పక్కకు పోతున్నానన్నాను. ఎండకెదురు తీస్తే వచ్చేది ఇంజన్ కాదు, బొగ్గు బస్తా అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. క్యాలెండర్ నువ్వు లేకుండా ఆగదన్నారు. ఆగదని నాకూ తెలుసు. ఏడాదంతా నలుగురి గోడల మీద ఉండాల్సిన ఫోటో అది.

తర్వాత చెప్పులు విప్పి సంచిలో వేసుకున్నాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం

కాళ్ళు ఇంకా కడుక్కోలేదు. ముందు రాయాలి.

బురద పిక్కల దాకా ఉంది. పట్టాలకు దూరంగా, కెమెరా నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. పీతలు వచ్చి చూసి వెళ్ళాయి. అవతలి గట్టు మీద గ్రూపంతా బారులు తీరి ఉంది. ఎవరో నాకు చెయ్యి ఊపారు, ఆసుపత్రిలో రోగికి ఊపినట్టు.

బండి వచ్చింది. సూర్యుడు దాని వెనక. నల్ల గోడ నడిచొస్తున్నట్టుంది. కిటికీ ఎక్కడో కూడా తెలియలేదు. కెమెరా వద్దు వద్దంటుంటే వెలుగు పెంచాను. ఆకాశం తెల్లబడిపోయింది. పొగ పోయింది, వంతెన కమ్మీలు పోయాయి, ఉప్పుటేరు మీది బంగారమంతా పోయింది. ఇంకా పెంచాను. అప్పుడు నల్ల గోడలో కిటికీ తెరుచుకుంది.

అక్క!

నన్ను చూసింది. హారన్ మోగించింది, వంతెన మొత్తం అదిరేలా. ఒక చెయ్యి లోపల హ్యాండిల్ మీద, నడుం దాకా బయటికి వంగి, రెండో చెయ్యి నా వైపు చాపి ఏదో అరుస్తోంది. ఒక్క ముక్కా వినపడలేదు. నేనూ అరిచాను. ఏం అరిచానో నాకూ వినపడలేదు. వేలు మాత్రం దాని పని అది చేసింది.

ఖాళీ వ్యాగన్లు ఢమఢమలాడుతూ దాటిపోయాక కిందికి చూస్తే పోటు నీళ్ళు మోకాళ్ళెక్కాయి. గట్టెక్కు రా గాడిదా అని అరిచిందట.

ఫిబ్రవరి 17

అక్క నిన్న ట్రెయినింగుకు వెళ్ళింది. వెళ్ళే ముందు ఫోటో చూపించాను. జుట్టు ఊడి మొహం మీద పడింది, గడ్డానికి గ్రీజు, నోరు బార్లా తెరిచి ఉంది. తిడుతున్నప్పుడే దొరికానా అంది. ఇంత పెద్ద బండిలోంచి ఇంత ధైర్యంగా తిట్టగలిగేది డ్రైవరొక్కరేనని, చూసినవాళ్ళు ఇంకెవర్నీ అడగరని మనవి చేసుకున్నాను.

చాలాసేపు చూసింది. కత్తిరించకుండా మొత్తం పంపమంది. రైలెక్కాక చూస్తే ఆమె వాట్సాప్ బొమ్మ అదే.

అట్ట మీదికి జీఎం గారి ఫోటో ఎక్కింది. ఊరి గట్టు, కరిగిన బంగారం, వంతెన, పొగ. నిజంగా గొప్ప ఫోటో. కడుపు మండింది, అబద్ధమెందుకు. కిటికీలో మళ్ళీ మీసాలాయనే. ఆయన జాతకం అలా ఉంది.

ఫిబ్రవరి 24

మొదటి ఎలక్ట్రిక్ గూడ్సు. గ్రూపంతా ఎండ వైపు. నేను బురదలో. డ్రైవరెవరో ముక్కూ మొహం తెలియని మనిషి. ఆ పక్కన కెమెరా ఉంటుందని అనుకోలేదేమో, నన్ను చూసి గబగబా కాలర్ సర్దుకున్నాడు.